నాలుగు సెకన్ల గెంతు

రోజు 1. బరువు: ఆరో వంతు

డాక్టరమ్మా, మీరు రాయమన్నారు గనక రాస్తున్నాను. పెద్దగొయ్యిలో నేలకి బరువు పెంచే ఈ ఏడాదంతా ఎవరికి ఎక్కడ నొప్పి పుట్టిందో, ఎవరు ఎప్పుడు పడ్డారో రాసిపెట్టమని తలా ఒక పుస్తకం ఇచ్చారు. నాకింకా నొప్పీ లేదు, నేను పడనూ లేదు. అందుకని ముందు నిన్న మీ గదిలో జరిగినదానికి సంజాయిషీ ఇచ్చుకుంటాను.

మీరు మాత్రల సీసా నా చేతికివ్వబోయారు. నేను చేతులు రెండూ వెనక్కి పెట్టేసుకున్నాను. "మందులంటే అంత భయమా, పైడితల్లీ?" అని నవ్వారు. భయమూ లేదు, పాడూ లేదు. కింద మీ కర్నూల్లో కూడా ఉప్పూ మిరపకాయలూ ఒకరి చేతికొకరు ఇవ్వరు కదా, తగువొస్తుందని. కింద పెడితే రెండోవాళ్ళు తీసుకుంటారు. మా ముత్తవ్వలు శ్రీకాకుళం నుంచి చందమామ మీదికి ఈ గొయ్యికి కప్పు కట్టే కూలిపనికి వచ్చినప్పుడు ఆ పట్టింపు కూడా మూటలో కట్టుకొచ్చారు. ఇక్కడ ఏది వదిలినా నింపాదిగా దిగుతుంది గనక, వంగి కింద పెట్టడమెందుకు, గాల్లో వదిలితే చాలన్నారు. ఉప్పుతో మొదలైన సంగతి గిన్నెకీ గ్లాసుకీ పాకింది. ఇప్పుడు చంటిపిల్లల్ని తప్ప అన్నీ గాల్లో వదిలే ఇచ్చుకుంటాం. ఎవరైనా చేతిలో పెట్టబోతే, ఈ మనిషికి మనతో తగువాడాలని ఉంది కాబోలు అనుకుంటాం. మీరొచ్చి నెల్లాళ్ళేగా, మీ తప్పేం లేదు.

ఇంకో సంగతి. నా కాగితంలో వృత్తి అన్నచోట "ఆటలు" అని రాసి ఊరుకున్నారు. నాకు చాలా కోపం వచ్చింది. నేను పెద్దగొయ్యి ఆడవాళ్ళ జట్టుకి వైడ్ రిసీవర్‌ని. పద్నాలుగేళ్ళ నుంచి. అప్పట్లో ఇక్కడ పనిచేసిన అమెరికా ఇంజనీర్లు పోతూ పోతూ ఒక కోల బంతినీ, గీతలు గీసిన మైదానాన్నీ వదిలిపోయారు. నాలుగు ప్రయత్నాల్లో బంతిని పది గజాలు ముందుకి తీసుకెళ్ళాలి. వెళ్తే ఇంకో నాలుగు ప్రయత్నాలు, లేకపోతే బంతి అవతలివాళ్ళది. చివరి గీత దాటించామా, టచ్‌డౌన్. మా జట్టులో బంతి విసిరేది మా ఆడపడుచు నూకాలు. పట్టేది నేను. మా ఆట మొత్తం ఇంతే.

నేను గెంతితే పదడుగులు లేస్తాను, నాలుగు సెకన్లు గాల్లో ఉంటాను. గాల్లోకి లేచాక ఆగేది లేదు, తిరిగేది లేదు. కాబట్టి ఎప్పుడు గెంతాలన్నదే విద్య. నన్ను కాపలా కాసేవాళ్ళు తొందరపడి ముందే గెంతేస్తారు. వాళ్ళు దిగడం మొదలయ్యాక నేను లేస్తాను. వాళ్ళు కిందికి పోతూ నన్ను చూస్తుంటారు, నేను పైకి పోతూ బంతిని చూస్తుంటాను. ఆ సుఖం పెళ్ళిలో లేదు, పేరంటంలో లేదు.

ఇప్పుడు ఆ సుఖం పోతోంది. ఎవరినీ తిట్టడానికి కూడా లేదు. మా నీలవేణికి ఏడేళ్ళు. పోయిన నెల పరిగెత్తుకొస్తూ తలుపు పట్టుకుని ఆగబోతే మణికట్టు ఎండుపుల్లలా విరిగింది. కట్టు కట్టింది మీరే. ఇక్కడి పిల్లల ఎముకలు గట్టిపడాలంటే నేలకి భూమంత బరువు రావాలని చెప్పిందీ మీరే. ఆ బరువు పలకలు నేల కింద పరుస్తున్నవాడు మా ఆయన గౌరినాయుడు. నా ఎగురుడు మానిపించడానికి ఇంట్లో మొగుడూ, వీధిలో డాక్టరూ ఏకమయ్యారన్నమాట. పిల్ల చెయ్యి విరిగినప్పుడు గొయ్యి అదిరేట్టు ఏడ్చింది నేనే కాబట్టి నోరు మూసుకున్నాను.

రోజు 60. బరువు: నాలుగో వంతు

పడ్డవి: పదకొండు గ్లాసులు, రెండు పచ్చడి జాడీలు, అద్దం, మా అత్తగారి కళ్ళజోడు. అన్నీ మేమే గాల్లో వదిలాం. రెండోవాళ్ళు చెయ్యి చాచేలోపు నేల మీద ఉన్నాయి. వీధంతా ఇదే చప్పుడు. పొద్దున కాఫీల వేళ ఏ ఇంటి ముందునుంచి నడిచినా ఏదో ఒకటి భళ్ళుమంటుంది. ఆ వెనకాలే "నువ్వే కదేటి ఒగ్గేసినావు" అనీ, "నువ్వే కదేటి పట్టుకోనేదు" అనీ.

నొప్పి: పిక్కలు. ఇది మీకు కావలసిన ముక్క, రాశాను.

నా గెంతు రెండున్నర సెకన్లకి దిగింది. మొదటి రోజు సాధనలో మామూలుగా లేచాను. పైన బంతి కోసం చూస్తుండగానే కాళ్ళు నేలకి తగిలాయి. మెట్టు ఉందనుకుని కాలు వేస్తే లేకపోయినట్టు. బంతి నా తల మీదినుంచి పోయి వెనక ఎక్కడో పడింది. నూకాలు నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది.

"ఏటొదినా, అప్పుడే దిగిపోనావు?"

"నాను దిగనేదు. దించేసినారు. మీ అన్నని అడుగు."

ఇద్దరం నవ్వుకున్నాం. ఇంకా నవ్వుకునే రోజులే. కొత్త లెక్క ఒంటికి పట్టడానికి పన్నెండు రోజులు పట్టింది.

రోజు 118. బరువు: మూడో వంతు

ఉత్తర గొయ్యితో ఓడిపోయాం. ఎలా ఓడిపోయామో చెప్తే మీరు నమ్మరు. వాళ్ళ విసిరే మనిషి విసిరినట్టు చెయ్యెత్తి, పక్కనుంచి పరిగెత్తేదాని కడుపులోకి బంతిని దోపేసింది. చేతికి చెయ్యి. అందరి ముందూ. సిగ్గూ శరమూ లేకుండా. అది బంతిని పొట్టకి కరుచుకుని ఇరవై గజాలు పోయింది.

ఆరో వంతు బరువులో ఈ ఎత్తుగడ ఎవరికీ పనికొచ్చేది కాదు. నేల మీద కాలు నిలిస్తే కదా పరిగెత్తడానికి. ఇప్పుడు నిలుస్తోంది. పైగా వాళ్ళకి ఉప్పు పట్టింపు లేదు. వాళ్ళ ముత్తవ్వలు ఎక్కడివాళ్ళో ఏమో.

మా జట్టుని నడిపించే ఎర్రమ్మ గారికి అరవై ఏళ్ళు. ఒకప్పుడు ఆవిడా రిసీవరే. ఆట అయ్యాక మమ్మల్ని కూచోబెట్టి, "రేపట్నించి మనవూ సేతికి సెయ్యి ఇచ్చుకోడం నేర్చుకోవాల" అంది.

అందరి తరఫునా నేనే లేచాను. "ఎర్రమ్మ గోరూ, అత్తాకోడళ్ళూ వదినామరదళ్ళూ ఉన్న జట్టిది. సేతికి సెయ్యిచ్చుకుంటే కొంపలంటుకుంటాయి."

"అంటుకుంటే ఆర్పుదుం. ముందు పది గజాలు ఎల్లండి."

ఎవరూ ఒప్పుకోలేదు. నూకాలైతే చెవులు మూసుకుంది. నేనూ తనూ పద్నాలుగేళ్ళలో ఒక్క మాట అనుకోలేదు. పెద్దగొయ్యిలో ఇది పెద్ద విశేషం, కొత్త కోడళ్ళకి మమ్మల్ని చూపించి బుద్ధులు చెప్తారు. ఒకరి చేతికొకరం ఏదీ ఇచ్చుకోకపోవడం వల్లే అని మా ఇద్దరికీ గట్టి నమ్మకం.

నొప్పి: మోకాలు, కుడిది. ఎక్కువేం కాదు.

రోజు 176. బరువు: సగం

ఈ రోజు ఎర్రమ్మ గారు అసలు సంగతి బయటపెట్టింది. బరువు పెరిగే కొద్దీ బంతి దూరం పోదు గనక మైదానాన్ని కుదిస్తూ వస్తున్నారు. మూడు వందల గజాలది చివరికి వంద గజాలవుతుంది. అంత చిన్న మైదానంలో ఐదుగురు రిసీవర్లు అక్కర్లేదు, ఇద్దరు చాలు. ఒక చోటు మంగకి ఖాయం. అది మొదటినుంచీ నేల మీద పాకే రకమే. రెండో చోటు నాకో, చిట్టెమ్మకో. పూర్తి బరువులో ఆడే మొదటి ఆట అయ్యాక తేలుస్తానంది.

చిట్టెమ్మకి ఇరవై రెండు. నాకు ముప్ఫై ఆరు. చిన్నప్పుడు దానికి ఎముకల జబ్బు చేస్తే ఆసుపత్రిలో భూమంత బరువుండే గదిలో నాలుగేళ్ళు ఉంచారు. అప్పట్లో అందరం అయ్యో పాపం అన్నాం. ఇప్పుడది సగం బరువులో వీధిలో నడిచినట్టు పరిగెడుతోంది. మంచి పిల్ల, అదే బాధ. చెడ్డదైతే తిట్టుకుని హాయిగా ఉండేదాన్ని.

మీకు ఉన్నమాట చెప్తున్నాను డాక్టరమ్మా, నాకు ఆ చోటు కావాలి. ఇంట్లో వంట బాగానే చేస్తాను, పిల్లని బాగానే పెంచుతున్నాను, కానీ నేనంటూ ఒక మనిషిని ఉన్నానని నాకు తెలిసేది ఆ మైదానంలోనే. జట్టు పేర్లు రాసే పలక మీద నా పేరు లేకపోతే ఏం చెయ్యాలో నాకు తెలీదు.

రోజు 180. బరువు: సగం

తగువు పడ్డాం.

దక్షిణం వాళ్ళతో ఆట. ఆఖరి ప్రయత్నం. నేను గెంతకూడదు, నేల మీదే పరిగెత్తాలి. వారం రోజులుగా అదే సాధన. బంతి నూకాలు చేతిలోంచి రావడం చూశాను, అంతే, కాళ్ళు వాటంతటవే లేచిపోయాయి. అటు నూకాలు కూడా, కిందికి విసరాలని వారం రోజులు నేర్చుకున్న మనిషి, పాత ఎత్తుకే విసిరింది. నేను లేచీ లేవకముందే దిగిపోయాను. బంతి పైనుంచి పోయి అవతలి మనిషి ఒళ్ళో పడింది.

"ఎందుకెగిరినావు?" అంది నూకాలు, నా దగ్గరికొచ్చి.

"నువ్వెందుకు పైకిసిరినావు?"

"నువ్వెగిరితే మరి ఎక్కడికిసరాల? నీ వయసయిపోనాది వదినా, నువ్వొప్పుకోవు."

"నీ సెయ్యి మొద్దయిపోనాది. అది నువ్వొప్పుకోవు."

ఇంకా చాలా అనుకున్నాం. దాని పెళ్ళిలో నేను కట్టిన చీర దాకా వెళ్ళింది. రెండు జట్లూ నిలబడి విన్నాయి. పద్నాలుగేళ్ళ బాకీ ఒక్క పూటలో తీరిపోయింది.

నొప్పి: మోకాలు. ఇంకొకటి కూడా ఉంది, దానికి మీ దగ్గర మాత్ర లేదు.

రోజు 183. బరువు: సగం

నూకాలు వాళ్ళదీ మాదీ ఒకటే వంటిల్లు. మూడు రోజులుగా మాటల్లేవు. మా ఆయన మధ్యలో కూచుని ఇటొకటి అటొకటి అందిస్తున్నాడు.

"మీ వదిన పప్పులో ఉప్పు సాలిందా అంటంది."

"సాలిందని సెప్పన్నయ్యా."

"సాలిందట."

"నాకు సెవుల్లేవా?" అన్నాను నేను, గోడవైపు చూసి.

"నాతో అన్నాదా, నీతో అన్నాదా?" అని మా ఆయన చెల్లెల్ని అడిగాడు. పలకలు మోసీ మోసీ నడుం పట్టేసిన మనిషి, ఈ చాకిరీ కూడా చేస్తున్నాడు. నీలవేణి మాత్రం తమాషాగా చూస్తూ రెండు ముద్దలు ఎక్కువ తింది.

రోజు 186. బరువు: సగం

పొద్దున పొయ్యి దగ్గర నేనొక్కదాన్నే ఉన్నాను. కూరలో ఉప్పు వెయ్యాలి. జాడీ నూకాలు వైపు అరలో ఉంది. అడగను. అడిగితే ఓడిపోయినట్టు. పోయి తెచ్చుకుందామంటే అదే అక్కడ నిలబడి ఉంది.

నా చూపు ఎటుందో చూసి అదే జాడీ తీసింది. గాల్లో వదలబోయి ఆగింది. వదిలితే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు, అప్పటికి ఉప్పుజాడీలే నాలుగు పోయాయి. నా దగ్గరికొచ్చి నా చెయ్యి లాగి, అరచేతిలో జాడీ పెట్టి, వేళ్ళు మూసింది.

"అదేటే నూకాలూ, సేతిలో పెట్టేసినావు?"

"తగువు ముందే అయిపోనాది కదేటి వదినా. ఇంకేటవుద్ది? పట్టుకో."

నేను పట్టుకున్నాను. దాని చెయ్యి ఇంకా నా చేతి మీదే ఉంది. మాడు వాసన వచ్చేదాకా ఇద్దరం అలాగే నిలబడ్డాం. ఇన్నేళ్ళూ దాని చేతిలోంచి వచ్చిన బంతులు వేలల్లో పట్టాను, దాని చెయ్యి ఇంత గరుకని నాకు తెలీదు.

ఆ మధ్యాహ్నం సాధనలో నూకాలు బంతిని నా పొట్టలోకి దోపింది, నేను కరుచుకుని పరిగెత్తాను. జట్టంతా నోళ్ళు తెరిచి చూసింది. మా మీద పిడుగేమీ పడకపోయేసరికి మిగతావాళ్ళూ ఒక్కొక్కరే మొదలెట్టారు. మంగా వాళ్ళత్తా మాత్రం నాలుగు రోజులు ఆలోచించుకుంటామన్నారు.

రోజు 241. బరువు: ముప్పావు

నేల మీద నిలబడి బంతి పట్టడం నేర్చుకుంటున్నాను. ముప్ఫై ఆరేళ్ళకి అక్షరాభ్యాసం. బంతి పైనుంచి దిగదు, తిన్నగా ఛాతీ మీదికి వస్తుంది. దాన్ని ఎదురెళ్ళి పట్టకూడదు, అది వచ్చే వేగంతోనే మనమూ వెనక్కి జరుగుతూ తీసుకోవాలి. నూకాలు చెయ్యి ఇప్పుడు కిందికి విసరడం మరిగింది. పదింటిలో ఆరు పడుతున్నాను. చిట్టెమ్మ ఎనిమిది పడుతుంది.

నిన్న సాధన అయ్యాక చిట్టెమ్మ నా పక్కన కూచుంది. "పైడక్కా, నువ్వు ముందుకి పడిపోతన్నావు. మడమ ముందు పెట్టు, వేళ్ళు కాదు" అని చూపించింది. నా చోటు కోసం పోటీ పడుతున్న పిల్ల నాకే పాఠం చెప్తోంది. కోపం రావలసింది, రాలేదు. మడమ ముందు పెట్టాను. ఏడయ్యాయి.

సాధన నుంచి వచ్చి తలుపేసుకుని ఏడ్చాను. నొప్పి వల్ల కాదు. ఏడు పడితేనే సంతోషం వేసింది, అందుకు. ఒకప్పుడు పదికి పది పట్టి కూడా పెదవి విరిచేదాన్ని.

నీలవేణి ఎముకల లెక్క మీరు పంపారు, చూశాను. మూడు నెలల్లో అంత గట్టిపడ్డాయా? మా ఆయనకి రెండు గారెలు ఎక్కువ వేశాను.

రోజు 305. బరువు: పూర్తి

ఈ రోజుది వరసగా రాస్తాను, మీరు చివర్లో గానీ రాలేదు గనక.

ఉత్తర గొయ్యితోనే ఆట. గొయ్యి మొత్తం వచ్చింది. జనం కూడా మెట్లు ఎక్కలేక గోడ పట్టుకుని ఎక్కుతున్నారు. పూర్తి బరువు మొదలై పది రోజులే. నిలబడితే ఎవరో భుజాల మీద కూచున్నట్టుంటుంది. మోకాలికి పట్టీ రెండు చుట్లు బిగించాను.

నన్ను తొమ్మిదేళ్ళుగా కాపలా కాస్తున్న రూతు ఎదురొచ్చింది. వాళ్ళ జట్టులో అందరికన్నా తెలివైంది.

"పైడమ్మా, మోకాలెలగుంది?"

"నీ నడుమెలగుందో అలగే ఉంది."

"అయితే ఇద్దరికీ సరిపోనాది" అని నవ్వింది.

ఆట సగందాకా వాళ్ళదే పైచెయ్యి. తర్వాత మేం చేతికి చెయ్యి ఇచ్చుకోవడం మొదలెట్టాం. మంగ వాళ్ళత్త చేతిలోంచి బంతి తీసుకుని పరిగెడుతుంటే జనంలో ముసలమ్మలు కళ్ళు మూసుకున్నారు. ఐదు గజాలు, ఏడు గజాలు, మూడు గజాలు. నేను రెండు బంతులు పట్టాను, ఒకటి వదిలాను. చిట్టెమ్మ రెండు పట్టింది. వదల్లేదు.

చివరికి పన్నెండు సెకన్లు మిగిలాయి. నాలుగు పాయింట్లు వెనక ఉన్నాం. ఆఖరి ప్రయత్నం, గీతకి ఆరు గజాలు. టచ్‌డౌన్ అయితే ఆరు పాయింట్లు, గెలుపు. లేకపోతే లేదు. తలలు దగ్గర పెట్టుకుని నిలబడ్డాం. ఎర్రమ్మ గారు పక్కనుంచి వేలు చూపించింది. నావైపు.

"పైడీ, నీకే."

నా ఒళ్ళంతా పొంగింది. ఇది పడితే పలక మీద పేరు నాదే, ఇంక అడిగేవాళ్ళు లేరు. ఎర్రమ్మ గారు కావాలనే ఆ అవకాశం ఇచ్చిందనీ తెలుసు. అప్పుడు అవతలివాళ్ళవైపు చూశాను. రూతు నాకెదురుగా వచ్చి నిలబడింది. ఇంకో ఇద్దరు మెల్లగా నావైపే జరుగుతున్నారు. ఆఖరి బంతి పైడితల్లికే వస్తుందని పద్నాలుగేళ్ళుగా చందమామ మీద పిల్లాపీచుకీ తెలుసు. అటు కొసన చిట్టెమ్మ దగ్గర ఒక్కతే ఉంది, అదీ సగం ఇటే చూస్తోంది.

ముగ్గురి మధ్య, ఈ మోకాలితో, ఈ బరువులో ఆ బంతి నేను పట్టగలనా? నాకు నేను అబద్ధం చెప్పుకోలేకపోయాను.

"నూకాలూ" అన్నాను. "నాను గెంతుతాను. బంతి సిట్టెమ్మకిసురు."

"గెంతుతావా? ఈ బరువులో అడుగున్నర కూడా నేవలేవు."

"వాళ్ళకి తెలుసు అడుగున్నరని. వాళ్ళ కళ్ళకి తెల్దు."

నూకాలు తల అడ్డంగా ఊపింది. "ఆఖరి బంతి నీకు కాకండా నానెవలికీ ఇసరనేదు వదినా. నా వల్ల కాదు. అది పడితే నీ సోటు పోద్ది."

"తెలుసు."

చిట్టెమ్మ నావైపు చూసి ఏదో అనబోయింది. "నువ్వు మాటాడకు, మడమ ముందు పెట్టు" అన్నాను. నూకాలు కళ్ళనిండా నీళ్ళు. "నాను పైకెల్తాను, అందరూ నన్నే సూస్తారు. నువ్వు మాత్రం సూడకు" అన్నాను దానితో.

ఎవరి చోట్లకి వాళ్ళం వెళ్ళాం. బంతి కదిలింది. నాలుగడుగులు పరిగెత్తాను, చేతులు రెండూ పైకి చాచి, కళ్ళు పైకెత్తి, పద్నాలుగేళ్ళు ఎలా లేచానో అలాగే లేచాను. ఒంట్లో ఉన్న బలమంతా పెట్టాను. అడుగున్నర లేచానేమో. అర సెకను ఉన్నానేమో.

ఆ అర సెకనులో తల దించి చూశాను. ఎప్పుడూ చూడను, బంతిని చూస్తాను కదా. ఈసారి నాకు బంతి లేదు. రూతు, ఆ ఇద్దరు, అటు కొసనున్నది కూడా, తలలు వెనక్కి వాల్చి పైకి చూస్తున్నారు. నన్ను కాదు. నాకు పైన, ఎనిమిదడుగుల ఎత్తున, ఏమీ లేని చోటికి. పద్నాలుగేళ్ళు నేనున్న చోటు అది.

నా కాళ్ళు నేలకి తగిలాయి. మోకాలు కలుక్కుమంది, కూలబడ్డాను. రూతు ఇంకా పైకే చూస్తోంది. జనం అరుపు విన్నాక గానీ దాని తల కిందికి రాలేదు. అటు కొసన చిట్టెమ్మ గీత అవతల బంతి పట్టుకుని నిలబడి ఉంది, దాని చుట్టుపక్కల ఎవరూ లేరు.

రూతు నా పక్కన చతికిలబడింది. "నన్ను నీకన్నా పెద్ద తెలివితక్కువదాన్ని సేసినావు పైడమ్మా" అంది. కోపం లేదు దాని గొంతులో. చెయ్యిచ్చి లేపబోయింది, లేవలేకపోయాను. అప్పుడు మీరొచ్చారు. మిగతాది మీకు తెలుసు.

రోజు 308. బరువు: పూర్తి

పలక మీద పేర్లు పడ్డాయి. మంగ, చిట్టెమ్మ.

ఎర్రమ్మ గారు ఇంటికొచ్చి చెప్పింది. నిలబడే చెప్పింది. "నీకియ్యాలని ఉంది పైడీ. కానీ ఆ పిల్ల బాగా ఆడతన్నాది" అంది. అవునన్నాను. ఆవిడ వెళ్ళేదాకా ఆగి అప్పుడు ఏడ్చాను. గట్టిగానే ఏడ్చాను, మా ఆయన పనిలోంచి పరిగెత్తుకొచ్చాడు. పక్కన కూచుని ఏం చెయ్యాలో తెలీక, "నేల కింద పలకలు పీకేమంటావా?" అన్నాడు. "పీకితే సంపేత్తాను" అన్నాను. నూకాలు ఎర్రమ్మ గారితో మాట్లాడ్డం మానేస్తానంది. అదీ వద్దన్నాను. చిట్టెమ్మకి సరిగ్గా విసరకపోతే ఊరుకోనని కూడా చెప్పాను.

సాయంత్రం బడి విడిచిపెట్టాక నీలవేణి ఒక మందని వెంటబెట్టుకుని వచ్చింది. ఎనిమిది మంది ఉంటారు. అందరూ చెప్పులిప్పి గుమ్మంలో నిలబడి, సర్కస్ జంతువుని చూసినట్టు నన్ను చూస్తున్నారు.

"ఏటే?" అన్నాను.

"అమ్మా, మా బళ్ళో అందరం గెంతి సూసుకున్నాం. గోడ మీద సుద్దతో గీతలు గీసినాం. నాది జానెడు. అందరికన్నా ఎక్కువ సూరిగాడిది, అదీ జానెడున్నరే." ఊపిరి పీల్చుకుని, తన మోకాలికి కాస్త పైన చెయ్యి పెట్టి చూపించింది. "నువ్వు ఇంతెత్తు నేచినావు. బరువులో అంతెత్తు ఎవలూ నేవనేదట, మా మేస్టారు సెప్పినారు."

పదడుగులు లేచిన దాన్నే, మీరంతా చూసినవాళ్ళేగా అనబోయాను. వాళ్ళ మొహాలు చూసి ఊరుకున్నాను. వాళ్ళకి ఆ పదడుగులు పోయిన ఏటి ముచ్చట. ఈ అడుగున్నర ఎలా వచ్చిందన్నదే వాళ్ళకి కావలసింది.

"ఎలగ నేచినావమ్మా? సూపించవా?"

డాక్టరమ్మా, నెల్లాళ్ళు మోకాలు కదపొద్దన్నారు. గుర్తుంది. పట్టీ మూడు చుట్లు బిగించి, ఎడంకాలి మీద బరువు వేసి, వీధిలోకి వెళ్ళి పదకొండు సార్లు గెంతాను.